ఎండ ముదరకముందే పెరట్లో చేసే పనులు

శివరాత్రితో చలి వెళ్లిపోతుందని పెద్దల మాట. అక్కడి నుంచి ఉగాది దాటి ఓ నెల వరకు పెరటికి ఎంత చాకిరీ చేశామన్న దాన్నిబట్టే రోళ్లు పగిలే ఎండల్లో మొక్క నిలుస్తుందో వాడుతుందో తేలుతుంది. మార్చి నెలాఖరున రేవతి కార్తె, ఏప్రిల్ మధ్యలో అశ్విని, నెలాఖరుకు భరణి, మే 11 ప్రాంతంలో కృత్తిక, 25 ప్రాంతంలో రోహిణి వస్తాయి. ఒక్కో కార్తె 13, 14 రోజులు. భరణి వచ్చాక మొదలుపెట్టిన పని మొక్కకు పెద్దగా అక్కరకు రాదు. రేవతి, అశ్వినుల్లోనే అన్నీ కుదుర్చుకోవాలి.

పాత పెరళ్లలో వేసవి పనులన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒక్కటే. బావిలో నీళ్లు అడుగంటే రోజుల్లో ఎన్ని బిందెలు పోశామని కాదు, పోసిన బిందె మట్టిలో ఎన్నాళ్లు నిలిచిందని చూసేవారు.

మొదటి పని పాదులు సరిచేయడం. చాలామంది నీళ్లు చెట్టు మొదట్లో పోస్తారు. నీటిని పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా ఉండేది కొమ్మల చివర్ల నీడ పడే మేర. నిమ్మ, బత్తాయిలకైతే మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే బంక కారే తెగులు పట్టుకుంటుంది. అందుకే మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, దానికి దూరంగా గుండ్రటి గాడి తీసి, నీళ్లు అందులో పారించాలి.

రెండోది పాదును కప్పడం. మాఘ ఫాల్గుణాల్లో వేప, రావి ఆకు రాలుస్తాయి. మట్టికి కప్పు కావలసిన సమయానికే కప్పు సిద్ధమవుతుందన్నమాట. దాన్ని ఊడ్చి తగలబెట్టడం కంటే నష్టం మరొకటి లేదు. ఎండుటాకు, వరిగడ్డి, చెరకు పిప్పి ఏదైనా సరే, మూడు నాలుగు అంగుళాల మందాన పరిస్తే మట్టి వేడెక్కదు, తడి ఆవిరి కాదు, కలుపు లేవదు. కాండానికి మాత్రం బెత్తెడు దూరం వదలాలి. చెదలున్న చోట వేపపిండి చల్లి ఆ పైన కప్పాలి.

మూడోది కుండ. మెరుగు పూత లేని మట్టికుండను మెడ వరకు పాతిపెట్టి, నీళ్లు నింపి, మూత పెట్టి, చుట్టూ దోస, ఆనప, కాకర విత్తనాలు వేస్తారు. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు ఊరుతుంది. మట్టి ఎండితే ఎక్కువ లాక్కుంటుంది, తడిస్తే ఊట తగ్గుతుంది. మొక్క దాహాన్నిబట్టి నీరందించే ఈ పద్ధతిని 2000 ఏళ్ల కిందటి చైనా వ్యవసాయ గ్రంథం ఫన్ షెంగ్‌జీ షు కూడా వివరించింది. పైనుంచి పోసిన నీరు చాలావరకు ఎండ పాలవుతుంది. కుండ నీరు నేరుగా వేరు దగ్గరికే చేరుతుంది.

పందిరి పాదుల్లో గమనించాల్సింది పూత. పగళ్లు సాగి వేడి పెరిగేకొద్దీ తీగకు మగపూలు ఎక్కువై, పిందె తగ్గుతుంది. కాకర, దోస, గుమ్మడి పూలు పొద్దున విచ్చుకుంటాయి. బీర, ఆనప సాయంత్రం విచ్చుకుంటాయి. పిందె పసుపెక్కి రాలిపోతుంటే ఆయా వేళల్లో మగపువ్వు కోసి ఆడపువ్వుకు పుప్పొడి అద్దాలి. పందిరి కింది నీడ కూడా వృథా పోకూడదు. ఎండకు తాళలేని కొత్తిమీర అక్కడ బతుకుతుంది.

మిట్టమధ్యాహ్నం ఆనపాకు వేలాడిపోవడం చూసి కంగారుగా నీళ్లు పోయకూడదు. వేరు అందించేదానికంటే వేగంగా ఆకు నీటిని వదులుతోందంతే. పొద్దు వాలాక ఆకు లేచి నిలబడితే పాదులో తడి ఉన్నట్టే. తెల్లవారాక కూడా వాడి ఉంటేనే నీరు చాలలేదని అర్థం.

చలికాలంలో ఆకు దూసి నీళ్లు ఆపిన మల్లెపొద ఇప్పుడు కొత్త చిగురు వేసి మొగ్గ తొడుగుతుంది. దానికి తడి ఆరనివ్వకూడదు. కాసే కూరమడిని ఇంత కాపాడినా, ఖాళీ మడి విషయంలో పద్ధతి తలకిందులు. దాన్ని తవ్వి బెడ్డలు తిరగేసి ఎండకు వదిలేయాలి. నేలలో దాగిన పురుగు కోశాలు మాడిపోతాయి, పైకొచ్చిన తుంగగడ్డలు ఎండిపోతాయి.

స్నానాల నీళ్లు పారే దారిలో అరటి, చేమ నాటడం, బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకుకు పోయడం ఇళ్లలో ఎవరూ నేర్పకుండానే అబ్బిన పొదుపు. మేడమీద కుండీల్లో పెంచేవారికీ ఇవే సూత్రాలు పనికొస్తాయి. కుండీలను దగ్గరగా చేర్చి, పడమటి ఎండ తగలకుండా తాటాకు తడికో, నీడవలో కట్టి, మట్టిపైన ఎండుటాకు పరిస్తే చాలు.

ఇందులో డబ్బుతో కూడిన పని ఏదీ లేదు. చేసి చూపిస్తే తప్ప రాని విద్య ఇది. ఇంట్లో పిల్లలతో ఈ చైత్రంలో ఒక్క కుండైనా పాతించండి. మే నెలలో ఆ పాదునూ పక్కనున్న పాదునూ పోల్చి చూడమనండి. తడి విలువ వాళ్లకు మనం చెప్పనక్కర్లేదు.