కాంతికి గుర్తు తరంగదైర్ఘ్యమా, పౌనఃపున్యమా?

ఉన్నత పాఠశాలలలో కాంతిని గూర్చి చెప్పునపుడు నల్లబల్లపై ఒక పొడవైన పట్టీ గీయుట మనకు అలవాటు. ఒక చివర రేడియో తరంగములు, మరియొక చివర గామా కిరణములు, నడుమ సన్నని చీలికగా దృశ్యకాంతి. ఎరుపునకు ఇంత, ఊదాకు ఇంత అని అంకెలు వేసి, తరంగదైర్ఘ్యమే కాంతి రకమును నిర్ణయించునని పాఠము ముగింతుము. విద్యార్థులు ఆ అంకెలను వల్లించి మార్కులు తెచ్చుకొందురు. ఈ పద్ధతి పూర్తిగా తప్పని ఎవరును అనజాలరు. కాని ఇందులో మూడు లోపములు కలవు. వాటిని సవరింపనిచో తెలివిగల విద్యార్థి అడుగు మొదటి ప్రశ్నకే పాఠము తడబడును.

ఆ ప్రశ్న ఇది. సోడియం దీపపు పసుపు కాంతి తరంగదైర్ఘ్యము గాలిలో సుమారు 589 నానోమీటర్లు. నీటి వక్రీభవన గుణకము 1.33. నీటిలో ప్రవేశించినపుడు కాంతి వేగము తగ్గును. దానితోపాటు తరంగదైర్ఘ్యము కూడ తగ్గి సుమారు 443 నానోమీటర్లగును. మన పట్టీలో 443 వద్ద ఉన్నది ఊదాకు చేరువైన నీలము. అట్లయిన నీటిలో మునిగి చూచువానికి ఆ దీపము నీలముగా కనిపింపవలెను గదా? కనిపింపదు. అది పసుపుగానే ఉండును. ఇంకొక విశేషము. మన కంటిలోని ద్రవమునకు కూడ వక్రీభవన గుణకము ఇంచుమించు నీటిదే. కనుక మనము ఒడ్డున నిలిచి చూచినను రెటీనాను చేరు పసుపు కాంతి తరంగదైర్ఘ్యము 440 ప్రాంతముననే ఉండును. మనము వల్లించిన 589 అను అంకె రెటీనాను ఎన్నడును చేరదు.

మరి మారక నిలుచునది ఏది? సెకనుకు ఎన్ని తరంగములు వచ్చుచున్నవను లెక్క, అనగా పౌనఃపున్యము. సోడియం పసుపునకు ఇది సుమారు 509 లక్షల కోట్లు. కంకర బాటపై సమదూరమున సాగు ఎడ్లబండ్ల వరుస ఇసుకలో దిగినదనుకొనుడు. బండ్లు నెమ్మదించును, బండికి బండికి నడుమ ఎడము తగ్గును. కాని నిమిషమునకు ఎన్ని బండ్లు బాటపై ఒక గుర్తును దాటుచున్నవో, ఇసుకలోని గుర్తును కూడ అన్నియే దాటును. దారిలో బండ్లు మాయము కావు, కొత్తవి పుట్టవు. కాంతియు అంతే. వేగము, తరంగదైర్ఘ్యము యానకమునుబట్టి మారును, పౌనఃపున్యము మారదు. కావున తరంగదైర్ఘ్యము చెప్పినపుడెల్ల "శూన్యములో" అను మాట చేర్చవలెను. ఆ ఒక్క మాటను విడుచుటయే మొదటి లోపము.

రెండవ లోపము ఇంకను పెద్దది. ఈ కిరణములు వేరువేరుగా ఏల ప్రవర్తించునో పట్టీ చెప్పదు. ఆ కారణము కూడ పౌనఃపున్యములోనే ఉన్నది. 1900లో ప్లాంక్ ప్రవేశపెట్టిన స్థిరాంకముతో పౌనఃపున్యమును గుణించిన ఒక్కొక్క కాంతికణపు శక్తి వచ్చునని 1905లో ఐన్‌స్టైన్ చూపెను. జింకు పలకనుండి ఒక ఎలక్ట్రానును ఊడదీయుటకు సుమారు 4.3 ఎలక్ట్రాన్ వోల్టులు కావలెను. ఎర్రని కాంతికణము తెచ్చునది 1.8 మాత్రమే. ఎర్రదీపములు ఒకటికి పది పెట్టినను ఎలక్ట్రాను కదలదు. 250 నానోమీటర్ల అతినీలలోహిత కాంతికణము దాదాపు 5 తెచ్చును. అది మందముగా ఉన్నను పని జరుగును. ఫోటోలు కడుగు చీకటి గదిలో ఎర్రదీపము పెట్టుకొనుటకును, ఎక్స్ కిరణముల కడ జాగ్రత్త వహించుటకును మూలమిదే. ఈ సంగతి తెలియని విద్యార్థికి పట్టీ ఉత్త పేర్ల జాబితాయే.

మూడవది, పట్టీలోని అడ్డుగీతలు ప్రకృతి గీసినవని పిల్లలు నమ్ముట. ఆ పేర్లు కనుగొన్న క్రమమున వచ్చినవి. 1800లో హెర్షెల్ వర్ణపటములో ఎరుపునకు ఆవల ఉష్ణమాపకము ఉంచి పరారుణమును గుర్తించెను. మరుసటి ఏడు రిట్టర్ వెండి క్లోరైడు నల్లబడుటనుబట్టి ఊదాకు ఆవల ఉన్న కిరణములను పట్టెను. ఎక్స్ కిరణములు, గామా కిరణములు కొంతమేర ఒకే పౌనఃపున్యముల వద్ద కలిసిపోవును. సాధారణముగా ఎలక్ట్రానుల వలన పుట్టినది ఎక్స్ కిరణము, పరమాణు కేంద్రకమునుండి వెలువడినది గామా కిరణము. అక్కడ పేరు పెట్టునది అంకె కాదు, పుట్టుక. రంగు విషయమున కూడ ఇట్టి హెచ్చరిక అవసరము. టెలివిజను తెరపై పసుపు కనిపించుచోట పసుపు కాంతి ఉండనవసరము లేదు. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కలిసి కంటికి ఆ అనుభూతి కలిగించును.

ఇంతమాత్రమున తరంగదైర్ఘ్యమును త్రోసివేయరాదు. కాంతి ఒక చిన్న వస్తువును ఎదుర్కొనినపుడు పనికివచ్చు కొలత అదియే. సూక్ష్మదర్శినిలో కటకమునకు, గాజు పలకకు నడుమ నూనెచుక్క వేయుట ఇందులకే. నూనెలో తరంగదైర్ఘ్యము తగ్గుటచే మరింత సూక్ష్మమైన వివరములు విడివడి కనిపించును. పైగా చాలకాలము కాంతి తరంగముల పొడవును కొలువగలిగిరేగాని, వాటిని సూటిగా లెక్కింపలేకపోయిరి. 1960లో మీటరును క్రిప్టాన్ కాంతి తరంగదైర్ఘ్యములతో నిర్వచించిరి. 1967లో సెకనును సీసియం పరమాణువు పౌనఃపున్యముతో నిర్వచించిరి. 1983లో మీటరు నిర్వచనమునుండి తరంగదైర్ఘ్యము తొలగి, సెకనుకు 29,97,92,458 మీటర్లను కాంతివేగము ఆ స్థానమునకు వచ్చెను. శాస్త్రము నడచిన దారిని మన నల్లబల్ల ఇంకను అనుసరింపలేదు.

కనుక ఉపాధ్యాయులకు మనవి. పట్టీని చెరుపవలదు. దాని క్రింద పౌనఃపున్యమునకు ఒక వరుస, కాంతికణపు శక్తికి ఒక వరుస చేర్చుడు. పాఠము చెప్పుటకు ముందే నీటిలోని పసుపు దీపపు ప్రశ్న అడుగుడు. పిల్లలు కొంతసేపు తికమక పడుదురు. ఆ తికమక తీరిన పిదప వారు అంకెలు మరచినను అర్థమును మరువరు.