తవుడు, చిటికెడు ఎంజైమ్

మొక్కజొన్న ధర ఎక్కిందంటే చాలు, చిత్తూరు చుట్టుపక్కల లేయర్ కోళ్ల ఫారాల చూపు రైసుమిల్లు వైపు తిరుగుతుంది. పచ్చి తవుడులో నూనె ఎక్కువ, నిలవుంటే ముక్కిపోతుంది. అందుకే మేతలో కలిసేది చాలావరకు నూనె తీసిన తవుడే. నేను బస్తా విప్పించి చిటికెడు నాలుక మీద వేసుకుంటాను. గరగరమంటే ఊక పొడి కలిసినట్టే, ఆ సరుకు మీద ఏ ఎంజైమూ పనిచేయదు.

మంచి తవుడుకూ ఒక చిక్కుంది. అందులో భాస్వరం మెండే, కానీ ముప్పాతిక వంతుకు పైగా ఫైటేటు రూపంలో బిగుసుకుని ఉంటుంది. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొడతాయి. కోడికి ఆ వసతి లేదు. తవుడులోని భాస్వరం పెంటలో పోతుంటే, మనం డబ్బు పెట్టి డైకాల్షియం ఫాస్ఫేట్ (డీసీపీ) కొని మళ్లీ మేతలో పోస్తాం. 1991లో నెదర్లాండ్స్‌లో మొదట అమ్మకానికొచ్చిన ఫైటేజ్ అనే ఎంజైమ్ ఈ ముడి విప్పేదే. కిలో మేతకు 500 యూనిట్లు పడితే టన్నుకు ఐదారు కిలోల డీసీపీ తగ్గించుకోవచ్చు.

తగ్గించాలి కదా! ఒక రైతు నాతో అన్నాడు: “పొడీ ఏస్తా ఉండాం, డీసీపీ కూడా ఏస్తా ఉండాం సార్. రెండూ ఉంటే బలమే గదా?” బలం పొడి కంపెనీకి. మన తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. అయినా మేత లెక్క రాసిచ్చేది మాత్రం సంచి అమ్మడానికొచ్చిన కుర్రాడే.

గుళికల మేతలో ఆవిరి వేడికి ఎంజైమ్ దెబ్బతినే భయం ఉంటుంది. మన షెడ్లలో పొడి మేతే కాబట్టి ఆ బాధ లేదు, బాధంతా కలపడంలోనే. టన్నుకు పడేది వంద గ్రాముల లెక్క. దాన్ని నేరుగా మిక్సర్లో పోస్తే ఒక కోడికి మందు, వంద కోళ్లకు ఉత్త తవుడు. ముందు రెండు కిలోల మొక్కజొన్న పిండిలో, ఆ తర్వాత పాతిక కిలోల్లో కలిపి అప్పుడే మిక్సర్లో వేయాలి. సున్నపురాయి పొడి మోతాదు మించినా ఫైటేజ్ మందగిస్తుంది. గుడ్డు పెంకు గట్టిపడేది రాత్రి పూట కాబట్టి, కాల్షియంలో కొంత ముతక గుల్లగా ఇవ్వడం మేలు.

డీసీపీ కోత ముందు ఒక్క షెడ్డులోనే మొదలుపెట్టమంటాను. నెల తర్వాత ఆ షెడ్డు ట్రేలనూ పక్క షెడ్డు ట్రేలనూ పక్కపక్కన పెట్టి, పగుళ్లు లెక్కపెట్టి చూడాలి.