‘రాళ్ల వెల’: ఒక పల్లెబడి కథ

దిక్కులేని పిల్లల కొరకు ప్రార్థించుడని చెప్పగానే మన మనస్సున నిలుచు బొమ్మ ఒకటే: ఒంటరిగా నిలిచియున్న శిశువు. చందా పత్రములమీది పటములు ఆ బొమ్మను మనకు అలవాటు చేసినవి. ఉగాండా దేశస్థుడైన ట్వెసిగ్యే జాక్సన్ కగూరి, సూసన్ లిన్‌విల్‌తో కలిసి ఇంగ్లీషున వ్రాసి 2010లో ప్రకటించిన గ్రంథము ఆ బొమ్మను చెరిపివేయుచున్నది. దాని పేరును తెలుగున ‘రాళ్ల వెల’ అనవచ్చును.

కగూరి ఉగాండా నైరుతి మూలనున్న న్యాకగ్యేజీ పల్లెవాడు. చదువుకొని అమెరికా చేరెను. ఎయిడ్స్ వ్యాధి అతని అన్నను, తరువాత అక్కను బలిగొనెను. అన్న బిడ్డలు ముగ్గురు, అక్క కుమారుడొకడు మిగిలిరి. అతడు ఇల్లు కొనుటకు దాచిన 5,000 డాలర్లు తీసి, భార్యతో కలిసి 2001లో తన పల్లెలో బడి పని ఆరంభించెను.

బాల్యపు సంగతులున్న పుటలే గ్రంథమంతటిలో మేలైనవి. ఒక్క పెన్సిలును అయిదు ముక్కలుచేసి అయిదుగురు పిల్లలకు పంచిన వృత్తాంతము మన పల్లెలలో చదివి వినిపింపదగినది. పలక లేక బడి మానినవారు మన సంఘములలోను ఉన్నారు గదా.

ఉగాండా ప్రభుత్వము 1997లోనే ప్రాథమిక పాఠశాలలలో జీతము తీసివేసినది. మరి వేరే బడి యెందుకని అడుగవచ్చును. జీతము పోయినను బట్టలు, పుస్తకములు, మధ్యాహ్న భోజనము కొనవలసినవే. తల్లి చనిపోయిన యింట పెద్దపిల్ల చంటివానిని ఎత్తుకొని యింటనే నిలిచిపోవును. న్యాకా బడి చిన్న తరగతులతో మొదలుపెట్టి, వీటన్నిటిని ఉచితముగా ఇచ్చెను. అక్షరములకంటె ముందు అన్నము పెట్టెను. అందుచేతనే అది నిలిచినదని నా తలంపు.

ఈ పిల్లలలో అనేకులు అవ్వల యొద్ద పెరుగువారు. ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ లెక్కలో తలిదండ్రులలో ఒక్కరు పోయినను ఆ బిడ్డ అనాథయే. అట్టివారిలో అధికులు బంధువుల యింటనే యున్నారు. యాకోబు తన పత్రికలో దిక్కులేని పిల్లలను విధవరాండ్రను ఒక్క వచనమందే జతపరచెను. మనము పిల్లలను గూర్చి ప్రసంగించి విధవరాండ్రను విడిచిపెట్టుచున్నాము. న్యాకగ్యేజీలో ఆ యిరువురు ఒకే కప్పు క్రింద నున్నారు. పిల్లను బోర్డింగునకు తీసికొనిపోయిన యెడల అవ్వ ఒంటరిదగును. అవ్వ యింటి దాపున బడి పెట్టిన యెడల ఇద్దరును నిలుతురు. కగూరి ఈ రెండవ త్రోవనే పట్టెను.

లోపము చెప్పకుండుట న్యాయము కాదు. చందాల కొరకు అమెరికాలో తిరిగిన సంగతులు మితిమీరి సాగినవి. దాతలు పల్లెను చూచి మారిన విధము తెలియును గాని, దాతలను చూచి పల్లె ఏమనుకొనెనో తగినంత తెలియదు. పాఠశాలకు పాఠశాల తోడగుట యనగా రెండు ప్రక్కల నుండియు మాట రావలెను. ఇందులో అవ్వలు చాలమట్టుకు కగూరి నోటనే మాటలాడుచున్నారు.

సండేస్కూలులో ఆఫ్రికా పిల్లల కొరకు కానుక పట్టువారు ఇందలి బాల్యపు పుటలను తెలుగు చేయించి చదువుకొనవచ్చును. ఆ అవ్వల మాటలను వారి మాటలుగానే కూర్చిన గ్రంథము దొరికినచో, నేను దీనికంటె ముందు దానినే తెరచెదను.