నత్తిమాటయు వినెడి చెవియు

మన నాటకములలోను చలనచిత్రములలోను నత్తివాడు ప్రవేశించుట తఱచుగా నవ్వించుటకే. అతడు మొదటి యక్షరముకడ తడబడగానే సభ ఘొల్లుమనును. ఆ నవ్వులో పాలుగొననివారు, తమ యింట నట్టి బిడ్డ గలవారు మాత్రమే. కావున నత్తిని హాస్యమునకుగాక కథకే ప్రాణముగా గైకొన్న ‘ది కింగ్స్ స్పీచ్’ అను ఆంగ్లచిత్రమునుగూర్చి మా చదువరులతో ముచ్చటింప దలచితిమి.

2010వ సంవత్సరమున వెలువడిన యీ చిత్రమునకు దర్శకుడు టామ్ హూపర్. రచయిత డేవిడ్ సీడ్లర్. ఉత్తమచిత్ర బహుమానముతో గూడ దీనికి నాలుగు ఆస్కారు బహుమానములు లభించినవి. సీడ్లరు బాల్యమున తానును నత్తివాడే. ఈ కథ వ్రాయుటకు ఆయన వితంతువైన రాణి యనుమతి వేడగా, తన జీవితకాలమున వలదని యామె కోరెనట. ఆమె 2002లో గతించినపిమ్మట గాని చిత్రము వెలువడలేదు.

కథానాయకుడు ఆఱవ జార్జి. 1925లో వెంబ్లీ ప్రదర్శనపు ముగింపుసభలో, అప్పటికి యార్కు డ్యూకుగా నున్న యాతడు మైకునెదుట నిలిచి మాట పెగలక యవస్థపడుటతో కథ ప్రారంభమగును. ఒక వైద్యుడు నోట గోలీలు నింపి చదువుమనును. పొగ త్రాగినచో గొంతు సడలునని బోధించును. తుదకు భార్య యెలిజబెత్తు లయొనెల్ లోగ్ అను ఆస్ట్రేలియా దేశీయుని వెదకి పట్టును. ఆతనికి వైద్యపట్టము లేదు. మొదటి మహాయుద్ధమునుండి మరలివచ్చిన సైనికులకు మాట చక్కబఱచిన యనుభవము మాత్రము కలదు. నాయకపాత్రను కాలిన్ ఫర్త్, లోగుపాత్రను జెఫ్రీ రష్ ధరించిరి.

లోగు చేయించు సాధనలు వినోదకరములే. కాని ఆతని మొదటి చికిత్స వేఱు: రాజకుమారుని తన గదికే రప్పించి, ఇంటిపేరు బిరుదులు విడిచి ముద్దుపేరుతో బిలుచును, అటుపై ఊరకుండి వినును. వేలమంది వినుటకు గూడిన సభలో నోరు పెగలనివాడు, ఒక్కనియెదుట తన చిన్ననాటి భయములను చెప్పగల్గుచున్నాడు. ఈ చిత్రములో మేము మిక్కిలి మెచ్చునది యిదియే. ఫర్తుయొక్క నటనయు నిందుకు తగినట్లే యున్నది. ఆతడు తడబాటును అనుకరింపక, తడబాటునకు ముందు వచ్చు బెదురును జూపినాడు.

అయినను రెండు లోపములను జెప్పక తప్పదు. తండ్రి గద్దింపు, దాది క్రూరత్వము, ఎడమచేతివాటమును బలవంతముగా మాన్పుట, ఇవియే నత్తికి మూలమనునట్లు చిత్రము తోపజేయును. నత్తికి మెదడు పనిచేయు తీరునందును వంశానుక్రమమునందును మూలములు కలవని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. భయము దానిని పుట్టింపకున్నను పెంచును. ఈ భేదము తల్లులకు మిక్కిలి యవసరము. లేనిచో చిత్రము చూచిన తల్లి, బిడ్డ నత్తికి తానే కారణమని కుములుచుండును.

రెండవది చరిత్రను గూర్చినది. డ్యూకు లోగును ఆశ్రయించినది 1926లో; 1927లో కాన్‌బెర్రా నగరమున పార్లమెంటు భవనమును దెఱచుచు ఆయన చక్కగనే ప్రసంగించెను. చిత్రము ఆ పరిచయమును 1934వఱకు వెనుకకు జరిపి, ఏండ్ల తరబడి సాగిన యోర్పుగల శ్రమను గొలది కాలపు పరుగుగా మార్చినది. కథకు బిగువు వచ్చినమాట నిజమే. కాని యింట నత్తిబిడ్డ గలవారు నేర్వవలసిన పాఠము ఆ యేండ్లలోనే యున్నది.

కడపటి ఘట్టము 1939 సెప్టెంబరు 3వ తేదీనాటి యుద్ధప్రసంగము. బీతొవెన్ సంగీతము వెంట నడువ, లోగు ఎదుట నిలిచి చేతులతో నడిపింప, రాజు ఒక్కొక్క మాటయే దాటుకొనిపోవును. చూచువారి గుండె కొట్టుకొనును. అయితే ఆ రాజే నాడు భారతచక్రవర్తియు. ఆ దినముననే వైస్రాయి లిన్‌లిత్గో మన నాయకుల నొక్కమాటయైన నడుగక భారతదేశమును యుద్ధములో జేర్చెను. అందువలన చెన్నపురి మంత్రివర్గముతోగూడ కాంగ్రెసు మంత్రివర్గములు ఆ యేటనే రాజీనామా లిచ్చినవి. ఒకని మాటకై యింత యారాటపడిన చిత్రము, మాటాడుట కవకాశమే యీయబడని కోట్లమందిని దలపకుండుట మాకు వెలితిగ దోచినది.

ఇట్లనుటచే చిత్రము విలువ తగ్గదు. ప్రసంగానంతరము, ఒక యక్షరముకడ నింకను తడబడితిరని లోగు చెప్పగా రాజు హాస్యముగ బదులిచ్చును. నత్తి పోలేదు, సిగ్గు పోయినది. మన యిండ్లలో వసకొమ్ము అరగదీసి నాకించుటతో తృప్తిపడి, పలుకు తడబడిన బిడ్డను “నత్తోడా” యని పిలుచు తోబుట్టువులను జూచి నవ్వుకొను పెద్దలు ఈ యొక్క ఘట్టమునైన జూడవలెను. బిడ్డ మాటను మనము పూరింపరాదు, తొందరపెట్టరాదు, వాక్యము ముగియువఱకు వాని మొగము చూచుచు వినవలెను. మాట నేర్పువారి సాయమును వెనువెంటనే కోరవలెను. అంతకుముందు, నేటి రాత్రి భోజనమువేళ వాని నెవ్వరును వెక్కిరింపకుండ జూచుట తల్లిదండ్రుల చేతిలోని పని.