సోపాన మెక్కువాడు, వెల యిచ్చువాడు

ముక్కోటి యేకాదశినాడును, శివరాత్రి జాగరణమునందును పరమపదసోపానపటమును పరచి గవ్వలు వేయుట తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల గృహములలో పెద్ద లెఱిగిన యాచారమే. వైకుంఠపాళి యని దానికి వాడుకపేరు. నిచ్చెనలకు సుగుణముల పేర్లు, పాములకు దుర్గుణముల పేర్లు, రాక్షసుల పేర్లు, శిఖరమున వైకుంఠము. ఇది పిల్లలకు నీతి నేర్పు క్రీడ యని మనవారు మెచ్చుకొందురు. నాకు మాత్ర మిందొక సందేహము కలదు. భక్తి యను నిచ్చెన నెక్కినవాడు భక్తిచేత నెక్కలేదు. గవ్వలు వెల్లకిల పడుటచేత నెక్కెను. పాము నోట బడినవాడు పాపమేమియు చేసి యుండలేదు. గుణములు పటముమీద వ్రాయబడి యున్నవి గాని, ఆడువాని నిర్ణయములో నెచ్చటను లేవు. కర్మఫలమును బోధింపబూనిన యాట కేవలము అదృష్టమును బోధించుచున్నది.

ఈ లోపమును తీర్చిన యాట యొకటి 1974లో అమెరికాలో వెలువడినది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచించిన దాని పేరు ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుండి తలకొక పాత్రను ధరింతురు. ఒకరు సూత్రధారులై కథ నడుపుదురు. ఇందును పాచికలు కలవు. కాని యే ద్వారము తెఱవవలెను, ఎవరిని కాపాడవలెను అను నిర్ణయము ఆడువానిదే. పాత్ర మెట్టుమెట్టు నెక్కుకొలది బలమును, మంత్రశక్తియు పెరుగును. అయితే మెట్టెక్కుటకై యా తొలిగ్రంథము ప్రధానముగా లెక్కించినది చంపిన రక్కసులను, కొల్లగొన్న నిధులను. శక్తి వచ్చుచునే యుండును. అందుకై పాత్ర తనలోని దేదియు పోగొట్టుకొననక్కఱలేదు.

1981లో సాండీ పీటర్సన్ రచించిన ‘కాల్ ఆఫ్ కథుల్హూ’ యను క్రీడ దీనికి ప్రతివాదమువంటిది. అందు గూఢవిద్య యెంత యలవడునో, పాత్రయొక్క మనఃస్థైర్యమున కుండదగిన పైహద్దు అంత తగ్గిపోవును. శక్తిని గొన్నవాడే దాని వెల చెల్లింపవలెనని యీ నియమము. ఇది కఠినమైనను న్యాయమైన లెక్క.

మన కథలలో నీ లెక్క యెట్లున్నదో చూతము. తెనాలివారైన చక్రపాణిగారును, నాగిరెడ్డిగారును నిర్మింపగా, పింగళి నాగేంద్రరావుగారి రచనతో, కె.వి.రెడ్డిగారి దర్శకత్వమున 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’ని ఎఱుగని తెలుగువారరుదు. నేపాళమాంత్రికునకు శక్తి కావలెను; దాని వెల యొక సాహసవంతుడైన యువకుని తల. అనగా ఫలము తనది, మూల్యము పరునిది. తోటరాముడు మోసము గ్రహించి మాంత్రికునే బలియిచ్చి ప్రతిమను పొందును. మనము చప్పట్లు కొట్టుదుము. కాని యొక్కక్షణ మాగి యోచింపుడు: లెక్క మారలేదు, తల మారినది, అంతియే. రాముని మేడయు, సంపదయు నొకరి నెత్తుటిమీదనే లేచినవి. కథకు నీ సంగతి తెలిసియే యున్నదని నా యభిప్రాయము. ఏలయన, ప్రతిమవలన వచ్చిన దంతయు ప్రతిమతోనే పోయినది. బ్రతికివచ్చిన మాంత్రికుడు దానిని గొనిపోగా రాముడు మరల తోటవాని కొడుకైనాడు. పిదప నతనిని గెలిపించినవి తన తెగువయు, అంజి తెలివియు. మాంత్రికుని శక్తియో, గడ్డముతోడనే యూడిపోయినది.

ఇది యాటలకును, చలనచిత్రములకును మాత్రమే చెందిన విచారము కాదు. నేను సంస్కృతాంగ్లములు చదివి యుపాధ్యాయుడనైతిని. నాకంటె నాలుగేండ్లు పెద్దదైన మా యక్క యేడవ తరగతితో చదువు మానినది. ఇంట నొక్కరి పుస్తకములకే డబ్బుండెను. ఆమె మార్కులు నా మార్కులకంటె హెచ్చుగా నుండెను. నా యున్నతికి గవ్వలు కారణము కావు. కేవలము నా కృషియు కారణము కాదు. వెల యామె యిచ్చినది, మెట్టు నే నెక్కితిని. పట్టామీద నా పేరొక్కటే యున్నది. ఆమె యిందుకై యెన్నడును నన్నొక మాట యనలేదు. అందుచేతనే యీ లెక్క నాకు చాలకాలము కనబడలేదు.

పిల్లల యాటలను నిషేధింపుమని నేను చెప్పను. పాత్రల నాడు క్రీడలందును, పాతాళభైరవియందును బాలురకు వినోదముతోబాటు వివేకమును కలుగవచ్చును. కాని పటము చుట్టిపెట్టు వేళ తల్లిదండ్రులొక్క ప్రశ్న వేయుదురుగాక: “నాయనా, నీవు పైకెక్కితివి, సంతోషము. ఆ మెట్టు వెల యెవరిచ్చిరి?” ఆ ప్రశ్నకు బిడ్డ వెదకి చెప్పు సమాధానము వైకుంఠపాళిలోని నిచ్చెన లన్నిటికంటె నెక్కువ నీతిని నేర్పగలదు. మా యింట నేనా ప్రశ్నను నా కుమారుని నడుగకమునుపు నన్నే యడుగుకొనవలసివచ్చినది.