కృష్ణారెడ్డి చిత్రఫలకములు

మార్కాపురపు గనులలో పలకరాతిని చీల్చు పనివాడు రాతికి అడ్డముగా ఉలి పెట్టడు. పొరకును పొరకును నడుమనున్న సందును కనిపెట్టి, అందు ఉలిమొన నుంచి మెల్లగా తట్టును. రాయి తనంతట తానే విడివడును. రాతిలో పొర యున్నదని యెఱిగినవాని చేతికే పలక వచ్చును. ఎఱుగనివానికి ముక్కలు మిగులును. చిత్తూరు మండలమున నందనూరునందు 1925వ సంవత్సరమున జన్మించి, న్యూయార్కునగరమున 2018వ సంవత్సరమున కీర్తిశేషుడైన కృష్ణారెడ్డిగారి ముద్రాచిత్రములను విచారించునపుడు ఈ పనివాని నేర్పు మా ప్రాంతమువారికి మొదట స్ఫురించును. లోహపురేకును ఒక ముఖముగా గాక పొరల సముదాయముగా చూచిన కళాకారుడాయన.

ఆయనను గూర్చి రెండభిప్రాయములు వినవచ్చుచుండును. ఆయన నూతనముద్రణపద్ధతి నొకదానిని సాధించిన నిపుణుడే గాని ద్రష్ట కాడనునది మొదటిది. ఆకృతి తెలియని చిత్రము పాశ్చాత్యుల మోజు, అందు మనము గ్రహింపదగిన యర్థము లేదనునది రెండవది. ఈ రెండును సరికావనియు, ఆ పద్ధతియే ఆయన దర్శనమనియు, ఆ దర్శనమునకు వేరు ప్రకృతియందే యున్నదనియు చూపుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఆయన జన్మించిన యేటనే రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు అకాలమరణము నొందెను. ఆంధ్రచిత్రకళయందు ఒక యధ్యాయము ముగిసిన యేట వేఱొకటి యారంభమైనది; కాని ఈ రెండవది ఆంధ్రదేశమున వ్రాయబడలేదు. కృష్ణారెడ్డి 1941లో శాంతినికేతనమందలి కళాభవనమున చేరి నందలాల్ బోసునకు శిష్యుడయ్యెను. శిల్పి రామకింకర్ బైజ్ కూడ అప్పుడచ్చట నుండెను. పిదప మద్రాసు కళాక్షేత్రమున చిత్రకళాశాఖకు ప్రధానుడై కొంతకాలము పనిచేసి, లండనునకు పోయి స్లేడు కళాశాలలో హెన్రీ మూరు నొద్ద శిల్పమభ్యసించెను. అటుపిమ్మట పారిసునగరమున జాడ్కిన్ అను శిల్పి నాశ్రయించి, స్టాన్లీ విలియం హేటరు నడుపుచుండిన 'ఆతలియే 17' అను ముద్రణకర్మశాలలో ప్రవేశించి, కాలక్రమమున దాని నిర్వహణమందు హేటరునకు తోడయ్యెను. 1972లో భారతప్రభుత్వ మాయనకు పద్మశ్రీ బిరుదము నొసగెను. 1976లో అమెరికాకు తరలి, న్యూయార్కు విశ్వవిద్యాలయమున ముద్రణకళను బోధించుచు శేషజీవితమును ఆ నగరముననే గడపెను. ఈ చరిత్రమున గమనింపవలసిన దేమనగా, ఆయన కాశ్రయమైనవారిలో శిల్పు లెక్కువ. రేకును కాగితమువలె గాక రాతివలె చూచుటకు హేతువిచ్చటనే కలదు.

ఆ పద్ధతి యెట్టిదో కొంచెము వివరింపవలెను. లోగాటు ముద్రణమున రాగిరేకుపైగాని జింకురేకుపైగాని ఉలితోనో ఆమ్లముతోనో గీతలేర్పఱచి, ఆ గాట్లలో సిరా నింపి, పైముఖమును తుడిచి, తడికాగితము నుంచి యంత్రమున నొత్తుదురు. పెక్కురంగులు కావలసినచో సాధారణముగా రంగునకొక రేకు చేసి, ఒకదానిపై నొకటి గురి తప్పకుండ అచ్చు వేయుదురు. 1950 దశకమున హేటరు కర్మశాలయందు కృష్ణారెడ్డియు, భారతీయుడే యైన కైకో మోతీయు హేటరుతో కలిసి చేసిన ప్రయోగములవలన ఒక్కరేకుతో, ఒక్కమాఱే, పెక్కురంగుల నచ్చొత్తు మార్గ మేర్పడెను. రేకును మెట్లుమెట్లుగా వేర్వేఱు లోతులకు చెక్కుదురు. సిరాలలో అవిసెనూనె పాలు మార్చి కొన్నిటిని పలుచగను కొన్నిటిని చిక్కగను చేయుదురు. గట్టి రోలరు పైమెట్టును మాత్రము తాకును. మెత్తని రోలరు ఒదిగి లోపలి మెట్లకు దిగును. నూనె యెక్కువైన సిరా ముందుపడినచోట పిదపవచ్చిన చిక్కని సిరా అంటదు. ఇట్లు రంగులు ఒకదానినొకటి త్రోసికొనుచు తమతమ తావుల నిలుచును. ఇందలి మర్మమేమనగా, ఏ రంగెచట నుండవలెనో నిర్ణయించునది లోతు. రంగు రూపముపై పూయబడినది కాదు, రూపమునుండి వెలువడినది. ఈ విధానమును ఆయన 1988లో ప్రకటించిన గ్రంథమున విపులముగా బోధించెను.

రేకుపై చెక్కుట మనకు క్రొత్త కాదు. తామ్రశాసనములు చదువుట ఇట్టి పరిషత్తుల నిత్యకృత్యము. తిరుమలలో బయల్పడిన తాళ్లపాకవారి సంకీర్తనల రాగిరేకులును మనకు తెలిసినవే. అయితే శాసనమున గాటునకు లోతు మన్నికకొఱకే. గాటు కొంచెము లోతైనను, పైపైదైనను అక్షరమున కర్థము మాఱదు. కృష్ణారెడ్డి రేకున లోతు మాఱిన రంగు మాఱును, రంగు మాఱిన భావము మాఱును. మన శాసనశిల్పికి లేని యొక పరిమాణమును ఆయన రేఖకు సంపాదించి పెట్టెను. ఇది కేవలము పనితనమని త్రోసివేయుట న్యాయము కాదు. పద్యమున ఛందస్సునకును భావమునకును గల సంబంధము వంటిదే ఇచ్చట పద్ధతికిని దర్శనమునకును గల సంబంధము.

అమెరికాదేశపు అమూర్తచిత్రకారులలో అగ్రగణ్యుడగు జాక్సన్ పొలాక్ సైతము, హేటరు తన కర్మశాలను న్యూయార్కున నడపిన దినములలో, 1944–45 ప్రాంతమున, అచ్చట కొన్ని రేకులు చెక్కెను. పిదప నతడు పెద్దగుడ్డను నేలపై పఱచి, దానిచుట్టు తిరుగుచు రంగును చిలికి చిత్రములు చేసెను. అతని రేఖ దేహచలనమునకు జాడ. కృష్ణారెడ్డి రేఖ యట్టిది కాదు. లోహ మెదిరించును, ఆ యెదురునకు ఓర్చి గంటలు, దినములు సాగిన శ్రద్ధ ఆ రేఖయం దున్నది. ఒకే కర్మశాల నెఱిగిన యిరువురికిని మార్గము లింత భిన్నములైనపుడు, అమూర్తకళ యంతయు నొక్కటే మోజని చెప్పుట పరిశీలనములేని మాట.

ఇక అర్థవిషయము. అలంకారశాస్త్ర మెఱిగినవారికి ధ్వని యన నేమో చెప్పనక్కఱలేదు. వ్యంగ్యము ప్రధానమైనను, దానికి వాచ్య మాధారముగ నుండవలెను. 1952 నాటి 'చేప' మొదలు 1963 నాటి 'సుడిగుండము' వఱకు గల ఫలకములం దిట్టి యాధారము చెడలేదు. సుడిగుండమున నీరు నీరుగా చిత్రింపబడలేదు. వంపుతిరిగిన గీతలు చిన్నచిన్న గదులుగా చీలుచు, నడిమికి లాగబడుచు, మరల వెలికి విచ్చుకొనుచున్నవి. నీలముల నడుమ వెచ్చని వర్ణములు తొంగిచూచును. ఏటిలో సుడిని చూచి భయపడినవాడు ఆ చలనము నిం దెఱుంగును. నందలాలు శిష్యులకు చెట్టును, నీటిని, జంతువును ప్రత్యక్షముగ పరిశీలించుట నేర్పెను. ఆ పరిశీలనమే ఇచ్చట బాహ్యరూపమును దాటి లోపలి కట్టుబడిని చేరినది. పారిసు విద్యార్థుల యుద్యమమునుండి పుట్టిన 1968 నాటి 'నిరసనకారులు' అను ఫలకము ఈ దృష్టి మనుష్యసమూహమునకును వర్తించునని చూపును.

దోషము చెప్పక విడుచుట విమర్శధర్మము కాదు. కేంద్రమునుండి వెలువడు గీతల వల ఆయనకు క్రమముగా నలవాటయ్యెను. 1980 దశకమునందలి 'మహావిదూషకుడు' అను ఫలకమున ఆ వల యెంత విస్తృతమైనదనగా, విదూషకుని దైన్యము కంటబడుటకు ముందే పనివాని నేర్పు కంటబడును. చక్రబంధమున కవి చాతుర్యమునకు మెచ్చుకొని పద్యార్థమును మఱచుట వంటిదిది. అయినను ఆ రేకునే పెక్కురంగుల మేళనలతో ఆయన మాటిమాటికి అచ్చొత్తియుండుటచే, ఒకదాన నవ్వుగా తోచిన ముఖము వేఱొకదాన వెలవెలబోయిన ముఖముగా తోచును. బంధమున మఱల ప్రాణము చేరినది ఆ భేదమువలననే. కావున ఆ ఫలకమును ఒక్క ప్రతిని చూచి తీర్పు చెప్పరాదు.

2016లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలవారు హేటరును, కృష్ణారెడ్డిని, ఆ కర్మశాలలోనే అభ్యసించిన జరీనాను ఒక్కచోట జేర్చి ప్రదర్శించిరి. గురుశిష్యపరంపరగా ఆయన స్థాన మచట నిర్ణీతమైనది. మనము చేయవలసినది వేఱు. ఆయన మనవాడని గర్వించుట సులభము. ఆయన రేఖను చదువుట నేర్చుకొనుట కష్టము. బడిలో బాలుడు చిత్రమును చూపినపుడు 'ఇదేమి?' యని యడుగుట మనకలవాటు. 'ఇది యెట్లు పుట్టినది?' యని యడిగినచో, మార్కాపురపు పలక మొదలు పారిసురేకు వఱకు సమాధానము చెప్పుట కనువగు శబ్దములు తెలుగున కొఱతపడవు. పొర, గాటు, లోతు, మెట్టు, జిగి — ఇవి యన్నియు మన పనివారి నోట నున్న మాటలే. కళావిమర్శకు పరిభాషను ఇచ్చటనుండి యెత్తుకొనవచ్చునేమో పండితులు విచారింతురుగాక.