ఎంగిలికి ఇంగ్లీషేది?

ఓంప్రకాశ్ వాల్మీకి ఆత్మకథ ‘జూఠన్’ హిందీలో 1997లో వచ్చింది. 2003లో ఇంగ్లీషు చేసిన అరుణ్ ప్రభా ముఖర్జీ ఆ పేరును అట్లాగే ఉంచేశారు. మంచిపని చేశారు. మాలో చాలామందిమి దాన్ని ఇంగ్లీషులోనే చదివాం, చదువుతూ ఆ పేరును మనసులో ‘ఎంగిలి’ అనుకున్నాం.

‘లెఫ్టోవర్స్’ అంటే మిగిలింది. ఫ్రిజ్‌లో పెట్టి రేపు తినేది. ఎవరి నోరు తగిలిందో, తర్వాత ఎవరి చేతిలో పడిందో ఆ మాటకు పట్టదు. ఎంగిలికి అదే ప్రాణం.

ఇంగ్లీషులో లేని మాట మనకుందని పండితులు మురిసిపోతుంటారు. మాకా మురిపెం లేదు. తల్లి కొరికి బిడ్డకు పెడితే ప్రేమ, శబరి ఎంగిలి రాముడు తింటే భక్తి. అదే హోటల్లో మేం తాగిన గ్లాసు మేమే కడిగి విడిగా పెట్టాలి. అక్కడ ఎంగిలైంది చాయా, మేమా? (పిల్లలే నయం, బిళ్ల మీద గుడ్డ కప్పి కొరికి ‘కాకెంగిలి’ అని పంచుకుంటారు.)

వాల్మీకి ఇంట్లో పెళ్లి విస్తళ్ల పూరీ ముక్కలు ఎండబెట్టి వానాకాలానికి దాచుకునేవాళ్లు. ఒక పెళ్లిలో పిల్లలకు అన్నం అడిగిన తల్లికి ఆ ఇంటాయన ఎంగిలి గంప చూపిస్తాడు. ఆమె గంప అక్కడే బోర్లించి వచ్చేస్తుంది, మళ్లీ ఆ గడప తొక్కదు.

తెలుగు దళిత కథలను ఇంగ్లీషు చేసేవాళ్లకు మా మనవి ఒకటే. ఎంగిలిని ఎంగిలిగానే ఉంచండి. వివరణ ఇస్తే నోటి తడి గురించి రాసి ఊరుకోవద్దు, గంప ఎవరి నెత్తిన ఉందో కూడా రాయండి.